గానా ప్రయాణానికి ఆరు వారాలే ఉన్నాయి: ఏ టీకా ఎప్పుడు, ఏది ముందు?

వలసపిట్ట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. జనవరి రెండో వారంలో మా కుటుంబం గానా దేశానికి బయలుదేరుతోంది. అయిదు నెలల పని మీద వెళుతున్నాము. మొదటి రెండు నెలలు రాజధాని అక్రాలోను, తరువాతి మూడు నెలలు ఉత్తరాన ఉన్న తమాలేలోను ఉండవలసి వస్తుంది. నాతో పాటు నా భార్య, 14 నెలల మా పాప, పాపను చూసుకోవడానికి మా అమ్మ వస్తున్నారు. అమ్మకు 64 ఏళ్లు. చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు. రక్తపోటుకు వాడే రెండు మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది.

వీసా దరఖాస్తుతో పాటు యెల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అడిగారు. అంతకు మించి ఏమీ అడగలేదు. అక్కడ పని చేసి వచ్చిన ఒకరు ఆ ఒక్క సూది చాలునన్నారు. ఇంకొకరు ఏడెనిమిది టీకాల పేర్లు రాసి పంపారు. పాప చిన్న చేతికి అన్ని సూదులు గుచ్చాలంటే మా ఇద్దరికీ మనసు ఒప్పడం లేదు, అలాగని అవసరమైనది వదిలేసి తరువాత బాధపడాలనీ లేదు. పైగా పాపకు తట్టు, గవదల టీకా కూడా ఇదే నెలలో వేయించవలసి ఉంది. రెండూ దగ్గర దగ్గరగా వేయించవచ్చా?

ఇంకొక సందేహం. మలేరియాకు టీకా వచ్చిందనీ, దానికి మొదట అనుమతి ఇచ్చినది గానాయే అనీ చదివాను. అదే వేయించుకుంటే మాత్రలు మింగే పని తప్పుతుందా? అక్కడి ఎండలో అమ్మ ఆరోగ్యం గురించి, ఇన్సులిన్ పాడవకుండా చూసుకోవడం గురించి కూడా తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.


టీకాగది (సమాధానం):

నమస్కారం అండి. నేను విదేశీ ప్రయాణికులకు టీకాలు వేసే కేంద్రంలో నర్సుగా తొమ్మిదేళ్లు పని చేశాను. మీ ప్రశ్నల్లో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది మీ అమ్మగారి విషయం కాబట్టి, పాప సంగతి కాసేపు పక్కన పెట్టి అక్కడే మొదలుపెడతాను.

యెల్లో ఫీవర్ టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. దాదాపు అందరికీ అది రెండు మూడు రోజుల ఒళ్లునొప్పులు, కాస్త జ్వరంతో సరిపోతుంది. అయితే 60 ఏళ్లు దాటిన తరువాత జీవితంలో మొదటిసారి వేయించుకునేవారిలో, చాలా అరుదుగానే అయినా, ఆ టీకా వైరస్ కాలేయం వంటి అవయవాలను గానీ మెదడును గానీ దెబ్బతీసే ప్రమాదం చిన్న వయసువారిలో కంటే ఎక్కువ. మరోవైపు గానాలో ఆ వ్యాధి నిజంగానే ఉంది, సోకి తీవ్రమైతే దానికి ప్రత్యేకమైన మందు లేదు. కాబట్టి ఈ రెండు అపాయాలనూ తూచి చెప్పగల వైద్యుడి దగ్గరికి ఈ వారంలోనే అమ్మగారిని తీసుకువెళ్లండి. గుడ్డు తిన్నప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉందా, ఛాతీలోని థైమస్ గ్రంథికి జబ్బు గానీ ఆపరేషన్ గానీ జరిగి ఉందా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేమైనా వాడుతున్నారా అన్న మూడు సంగతులను వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. టీకా వద్దని వైద్యుడు నిర్ణయిస్తే మినహాయింపు పత్రం రాసి ఇస్తారు. దాన్ని అంగీకరించడం, అంగీకరించకపోవడం అవతలి దేశం ఇష్టం. అంగీకరించినా ఆ కాగితం దోమను ఆపలేదు కాబట్టి, అటువంటి పరిస్థితిలో అమ్మగారు ప్రయాణం మానుకోవడమే మేలని నేను అనుకుంటాను.

ఇక మీ ముగ్గురి సంగతి. టీకా వేసిన పదో రోజు నుంచే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది, కనుక ఆఖరి వారం దాకా ఆగకండి. అధీకృత కేంద్రాల్లోనే వేయించుకోవాలి. ధ్రువపత్రంగా ఇచ్చే పసుపురంగు పుస్తకం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉండాలి, పాపకు కూడా. పాప పుస్తకంలో మీలో ఒకరు సంతకం చేయాలి. పేరు, పాస్‌పోర్టు సంఖ్య, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో గదిలోంచి బయటికి రాకముందే చూసుకోండి. ఒకసారి ఒక యువకుడు తెచ్చిన పుస్తకంలో టీకా తేదీలోని 1ని పైన దిద్ది 7 చేశారు. అది వేసినవారి చేతివ్రాతేనని అతను చెబుతున్నాడు, నిజమే అయి ఉంటుంది. కానీ కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్న పత్రం చెల్లదని అధికారులు తోసిపుచ్చవచ్చు. ఎనిమిది రోజుల్లో ప్రయాణం పెట్టుకుని మా ముందు కూర్చున్న అతని ముఖం నాకింకా గుర్తుంది. తిరుగు ప్రయాణంలో కూడా ఈ పుస్తకం కావాలి. యెల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి ధ్రువపత్రం లేకుండా వచ్చినవారిని ఆరు రోజుల వరకు వేరుగా ఉంచే దేశాలు ఉన్నాయి. యెల్లో ఫీవర్ ఉన్న దేశపు విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగినా కొన్నిచోట్ల ఇదే నియమం వర్తిస్తుంది.

పాపకు తట్టు, గవదల టీకా కూడా సజీవ టీకాయే. రెండు సజీవ టీకాలను ఒకే రోజు రెండు వేర్వేరు చోట్ల వేయించాలి, లేదా మధ్యలో కనీసం 4 వారాల ఎడం ఉంచాలి. ఆ రెండింటికీ మధ్యస్థంగా, పది పదిహేను రోజుల తేడాతో వేయిస్తే రెండోది సరిగా పట్టకపోవచ్చు. మీకు ఆరు వారాలు ఉన్నాయి కనుక, ఈ వారంలో ఒకటి, నాలుగు వారాలు నిండిన తరువాత రెండోది వేయించినా ప్రయాణానికి పదిరోజులు మిగులుతాయి. ఆ లెక్క తప్పేలా ఉంటే ఒకే రోజు వేయించండి. మీ దంపతులిద్దరికీ తట్టు టీకా రెండు డోసులు పడ్డాయో లేదో కూడా పాత కాగితాల్లో వెతికి చూసుకోండి.

మిగిలినవన్నీ సజీవం కాని టీకాలు, వాటికి ఈ ఎడం చూడనవసరం లేదు. హెపటైటిస్-ఎ పాపతో సహా అందరికీ వేయించండి. ఒక డోసుతోనే ఈ ప్రయాణానికి సరిపడా రక్షణ వస్తుంది, ఆరు నెలల తరువాతి రెండో డోసు దీర్ఘకాలపు రక్షణ కోసం. టైఫాయిడ్‌లో కాంజుగేట్ రకాన్ని ఆరు నెలలు నిండిన పిల్లలకు కూడా వేస్తారు. పాత పాలిసాకరైడ్ రకం రెండేళ్లు నిండినవారికే. ఈ టీకా నూరుపాళ్లూ కాపాడదు కాబట్టి నీటి విషయంలో అజాగ్రత్త పనికిరాదు. పెద్దలు హెపటైటిస్-బి టీకా ఎన్నడూ వేయించుకోకపోతే 0, 7, 21 రోజుల్లో వేసే వేగవంతమైన పద్ధతి ఉంది. అయితే ఏడాది తరువాత నాలుగో డోసు మరిచిపోకూడదు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే బూస్టర్ తీసుకోండి.

తమాలే గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరనుకుంటాను. పశ్చిమాన సెనెగల్ నుంచి తూర్పున ఇథియోపియా వరకు ఆఫ్రికా నడుము మీదుగా సాగే ప్రాంతాన్ని మెదడు పొరల వాపు వ్యాధి మేఖలగా గుర్తించారు. గానా ఉత్తర భాగం అందులోనే ఉంది. అక్కడ డిసెంబరు నుంచి జూన్ వరకు, ధూళితో నిండిన పొడిగాలులు వీచే కాలంలో ఆ వ్యాధి ఉద్ధృతంగా ఉంటుంది. మీరు ఉత్తరానికి వెళ్లేది సరిగ్గా ఆ కాలంలోనే. ఆ వ్యాధి క్రిముల్లో ఎ, సి, డబ్ల్యు, వై అనే నాలుగు రకాల నుంచి రక్షణ ఇచ్చే మెనింజోకాకల్ టీకాను వీసా వాళ్లు అడగలేదు కదా అని వదిలిపెట్టవద్దు.

రేబిస్ టీకా వద్దనేవారు చాలామంది ఉంటారు. పాప ఉన్న ఇల్లు కాబట్టి నేను వేయించమనే చెబుతాను. కుక్క గీరినా, నాకినా ఆ వయసు పిల్లలు చెప్పలేరు. 0, 7 రోజుల్లో రెండు డోసులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెలిపింది. ముందుగా వేయించుకోనివారిని కుక్క కరిస్తే టీకాలతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, వెంటనే రక్షణ ఇచ్చే మందు కూడా ఎక్కించాలి. అది చాలా దేశాల్లో పెద్ద ఆసుపత్రుల్లో కూడా సమయానికి దొరకదు. ముందే వేయించుకున్నవారికి ఆ అవసరం తప్పుతుంది, మూడు రోజుల తేడాతో రెండు డోసులు సరిపోతాయి. ఏ సందర్భంలోనైనా కరిచిన వెంటనే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ కడగాలి.


చేదుమాత్ర (సమాధానం):

టీకాల గురించి పై సమాధానంలో అంతా ఉంది. నేను మలేరియా ఒక్కదాని గురించే రాస్తాను, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

మీరు చదివినది నిజమే. ఆర్21 అనే టీకాకు 2023 ఏప్రిల్‌లో మొదట అనుమతి ఇచ్చిన దేశం గానాయే. కానీ అది అక్కడే పుట్టి పెరుగుతూ మాటిమాటికీ మలేరియా బారిన పడే పసిపిల్లల కోసం. నాలుగు డోసులుగా, నెలల తరబడి వేస్తారు. ప్రయాణికుల కోసం ఉద్దేశించినది కాదు. కాబట్టి మీ నలుగురికీ మాత్రలు తప్పవు. గానా అంతటా, ఏడాది పొడవునా మలేరియా ఉంటుంది. ఎక్కువగా కనిపించేది ప్రాణాలు తీసే ఫాల్సిపారం రకం, పాత క్లోరోక్విన్ దానికి పని చేయదు.

వైద్యులు సాధారణంగా మూడింటిలో ఒకటి రాస్తారు. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్రను బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ ఆహారంతో గానీ పాలతో గానీ వేసుకుని, తిరిగి వచ్చాక 7 రోజులు కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ కూడా రోజూ వేసుకోవలసినదే, కానీ తిరిగి వచ్చాక 4 వారాలు వాడాలి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. మెఫ్లోక్విన్ వారానికి ఒకసారే, అయితే రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, తిరిగి వచ్చాక దీన్ని కూడా 4 వారాలు వాడాలి. మూర్ఛ గానీ మానసిక వ్యాధి గానీ ఉన్నవారికి అది పనికిరాదు. పాపకు మోతాదును వయసును బట్టి కాకుండా బరువును బట్టి లెక్కిస్తారు, కాబట్టి వైద్యుడి దగ్గర తూకం వేయించండి.

నాలుగేళ్ల క్రితం పశ్చిమ ఆఫ్రికాలో పదకొండు వారాలు ఉండి వచ్చాను. అక్కడ ఉన్నన్నాళ్లూ డాక్సీసైక్లిన్ ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇంటికి వచ్చిన ఆరో రోజున, ఇక్కడ ఇంకెందుకులే అని, ఇంకా ఇరవైకి పైగా మాత్రలు ఉన్న అట్టను సొరుగులో పడేశాను. పంతొమ్మిదో రోజు సాయంత్రం చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటక కొట్టుకున్నాయి. మొదట చూపించుకున్న చోట వైరల్ జ్వరమని మందులిచ్చి పంపారు. రెండు రోజుల తరువాత వేరే ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలు స్టెతస్కోపు పెట్టకముందే, ఈ ఏడాదిలో ఎక్కడెక్కడికి వెళ్లి వచ్చారని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నే నన్ను బతికించిందని నమ్ముతాను. గంటలో రక్తపు చుక్క పరీక్ష ఫలితం వచ్చింది, ఫాల్సిపారం.

నాలుగు వారాలు ఎందుకన్నది తరువాత ఆమే వివరించారు. దోమ వదిలిన పరాన్నజీవి ముందు కాలేయంలోకి వెళ్లి అక్కడ పెరుగుతుంది. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ ప్రధానంగా దాన్ని రక్తంలోకి వచ్చిన తరువాతే పట్టుకుంటాయి. చివరి రోజున కుట్టిన దోమ వదిలినది కాలేయం నుంచి బయటికి వచ్చేసరికి రక్తంలో మందు ఉండాలి. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కాలేయంలోనే పని చేస్తాయి కనుక దానికి ఏడు రోజులు చాలు.

తిరిగి వచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఆ రోజే పరీక్ష చేయించుకోండి. మొదటి పరీక్షలో ఏమీ లేదన్నా ఊరుకోకుండా 12 నుంచి 24 గంటల వ్యవధిలో మళ్లీ చేయమని అడగండి.

మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేవరకు కుడుతుంది. యెల్లో ఫీవర్, డెంగీ తెచ్చే దోమ పగలు కుడుతుంది. కాబట్టి రోజంతా జాగ్రత్త అవసరం. దోమలను తరిమే డీట్ అనే రసాయనం 20 నుంచి 50 శాతం ఉన్న పూతమందు పెద్దలకు మంచిది. పాపకు తక్కువ శాతం ఉన్నది, అదీ చేతులకు గానీ కళ్ల దగ్గర గానీ తగలకుండా రాయండి. ఎండకు రాసుకునే క్రీము ముందు, దోమల మందు దాని మీద. పెర్మెత్రిన్ అనే దోమలను చంపే మందులో నానబెట్టిన దోమతెరను ఇక్కడి నుంచే తీసుకువెళ్లి, పరుపు కిందికి నాలుగు వైపులా దోపండి.


నీడపట్టు (సమాధానం):

మా నాన్నగారికి కూడా ఇన్సులిన్ అలవాటు ఉంది, ఆయనతో మూడు వేసవులు ఎడారి దేశంలో గడిపాను కనుక ఆ భాగం నేను చెబుతాను.

ఇన్సులిన్ మొత్తాన్నీ చేతిసంచిలోనే పెట్టుకోండి. విమానం అడుగున వేసే సామానులో అది గడ్డకట్టవచ్చు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. అదే కారణంతో మంచుగడ్డకు ఆనించి పెట్టకూడదు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసాను నీటితో తడిపి వాడే చల్లని సంచిలో ఉంచితే కరెంటు లేని రోజున కూడా కాపాడుకోవచ్చు. తెల్లగా విరిగినట్టు కనిపించినా, గోడకు అంటుకున్నట్టున్నా పారేయండి. వేడిలో ఇన్సులిన్ త్వరగా ఒంటికి పట్టి చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు కాబట్టి, మొదటి రెండు వారాలు రోజుకు ఇంకొకటి రెండుసార్లు ఎక్కువగా పరీక్షించండి. పరీక్ష పట్టీలు కూడా ఎండలో ఉంటే తప్పుడు లెక్క చూపుతాయి. మందుల అసలు పేర్లతో వైద్యుడి చీటీ, వాటి అసలు పెట్టెలు వెంట ఉండాలి.

ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం పని పెట్టుకోవద్దు. పెద్ద వయసులో దాహం సరిగా తెలియదు, దానికి తోడు అమ్మగారు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నారు. దాన్ని మీరే ఆపకండి, కానీ వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏం చేయాలో వైద్యుడిని ఇప్పుడే అడిగి రాసుకోండి. మా నాన్నగారి విషయంలో మేము చూసిన గుర్తు మాటే. ఒక మధ్యాహ్నం ఆయన నన్ను మా పెదనాన్న పేరుతో పిలిచారు. ఒళ్లు కాలిపోతోంది. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, ఒంటి వేడి 40 డిగ్రీలు తాకినా అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, విసురుతూనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఓఆర్‌ఎస్ పొట్లాలు ఒక డజను పెట్టుకోండి, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. పొట్లాలు లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమతల టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. నీళ్లు తెర్లేలా ఒక నిమిషం కాగితే చాలు. ఐసు ముక్కలు కూడా నీళ్లేనని గుర్తుంచుకోండి. వోల్టా సరస్సులో గానీ ఏ మంచినీటి చెరువులో గానీ కాలు పెట్టవద్దు, అక్కడి నత్తల నుంచి వెలువడే బిల్హార్జియా క్రిములు చర్మంలోంచి నేరుగా దూరుతాయి. కారులో పాపకు ప్రత్యేకమైన సీటు ఉండాలి. టీకాల గురించి ఇంతగా ఆలోచించే మనం సీటుబెల్టును మరిచిపోతాము, ప్రయాణికుల మరణాలకు రోడ్డు ప్రమాదాలు ముఖ్యమైన కారణం.


వలసపిట్ట (ప్రశ్న వేసినవారు):

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు అమ్మకు చదివి వినిపిస్తుంటే, యెల్లో ఫీవర్ దగ్గర ఆగమని చెప్పి లోపలికి వెళ్లి పాత తోలుసంచి తెచ్చారు. 2003లో నాన్నతో కెన్యా వెళ్లినప్పుడు ఆ టీకా వేయించుకున్నారట, ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. పసుపు పుస్తకం మడతల దగ్గర చిరిగింది కానీ ముద్ర, సంతకం, టీకా బ్యాచి సంఖ్య స్పష్టంగా ఉన్నాయి. అయితే పదేళ్లే చెల్లుతుందని అందులోనే రాసి ఉంది. పైగా పేరు పొట్టి అక్షరాలతో ఉంది, ఇప్పటి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఇది పనికివస్తుందా?


టీకాగది (సమాధానం):

చాలా మంచి వార్త చెప్పారు. 2016 జూలై 11 నుంచి యెల్లో ఫీవర్ ధ్రువపత్రం జీవితకాలం చెల్లుతుంది. అంతకు ముందు ఇచ్చిన పుస్తకాలకు కూడా అదే నియమం, లోపల పదేళ్లని రాసి ఉన్నా సరే, ఆ తేదీని ఎవరూ దిద్దకూడదు. అమ్మగారికి 60 దాటాక మొదటి డోసు అన్న చిక్కు కూడా దీనితో తొలగిపోతుంది. అయినా వైద్యుడికి ఈ పుస్తకం చూపించి, మళ్లీ అవసరం లేదన్న మాట ఆయన నోట వినండి.

పేరు సంగతికి మీ చేతితో ఒక్క అక్షరం కూడా చేర్చకండి. మీరు టీకాకు వెళ్లే రోజున పాత పుస్తకాన్ని, అమ్మగారి పాస్‌పోర్టును కేంద్రానికి తీసుకువెళ్లి, పాత వివరాల ఆధారంగా ఇప్పటి పేరుతో కొత్త పుస్తకం రాసి ఇవ్వగలరేమో అడగండి. ఇచ్చినా పాతదాన్ని పారేయకుండా రెండూ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో ఉంచండి. ఇవ్వలేమంటే, రెండు పేర్లూ ఒకరివేనని చూపే గుర్తింపు పత్రం సంగతి గానా రాయబార కార్యాలయాన్ని ముందే రాతపూర్వకంగా అడిగి, వారి జవాబును అచ్చు తీసి అదే కవరులో పెట్టండి.